కొట్టం మలుపు పసుపు జెండా

పీల్, మాన్ ద్వీపం
28 ఆగస్టు 1979

ఒరేయ్ ఫిన్లో,

చెప్పాపెట్టకుండా స్టీమర్ ఎక్కేశావు. గుమ్మంలోకి వచ్చి ‘వెళ్ళొస్తానక్కా’ అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదిరా? శనివారం పొద్దున నిన్ను తిట్టడానికే ఈ కాగితం తీసి పెట్టుకున్నాను. ఇప్పుడు తిట్టే ఓపిక లేదు.

గోర్డన్ ఫారగర్ పోయాడు. మన కొట్టం మలుపులో, నా కళ్ళ ముందే పోయాడు.

అక్కడ నీకు ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి మొదటినుంచీ రాస్తాను. శుక్రవారం సాధన అంతా కురిసిన వాన రాత్రికి వెలిసింది. శనివారం మోటారు సైకిళ్ళ పందేనికి మంచి ఎండ. రోడ్లు మూసేశారు. పంతొమ్మిదేళ్ళుగా మనిద్దరం కూర్చునే గట్టు మీదే కూర్చున్నాను. చేతికి పందెం కాపలా మార్షల్ నారింజ రంగు పట్టీ, పక్కన టీ ఫ్లాస్కు, బోన్నాగ్ రొట్టె. నీ చోట ఇంకెవరూ కూర్చోకుండా నా సంచీ పెట్టాను.

నాలుగో చుట్టులో గోర్డన్ బండి వెనక చక్రం జారింది. బండి రోడ్డు మధ్యలో పడింది, వాడు దొర్లుకుంటూ పోయి కొట్టం గోడ దగ్గర ఆగాడు. వాడికి ఏమీ కాలేదురా! లేచి కూర్చున్నాడు. చేతి తొడుగు ఊడదీసుకుంటున్నాడు. కింద ఉన్న మన మార్షళ్ళిద్దరూ బండి లాగడానికి దూకారు. మన మలుపు పెద్ద కెర్మీన్ గారు అటు తిరిగి ఫోనులో చెబుతున్నారు. వెనక వచ్చేవాళ్ళు వేగం తగ్గించడానికి నేను పసుపు జెండా తీసుకుని లేచాను.

అప్పుడు కాలిన్ క్వెగిన్ వచ్చాడు. వేగం తగ్గించలేదు. రోడ్డు మధ్యలో బండిని తప్పించబోయి గోడ వైపు తిప్పాడు. గోర్డన్ అక్కడే కూర్చుని ఉన్నాడు.

వాళ్ళిద్దరూ ఒకే షెడ్డులో బళ్ళు బిగించుకునేవాళ్ళు. ఒకే వ్యానులో వచ్చారు ఆ పొద్దున. కాలిన్‌కి మోచెయ్యి విరిగింది, అంతే. గోర్డన్‌ని మోసుకెళ్ళాక కూడా వాడు గోడ పక్కనే కూర్చుని ఆ చేతి తొడుగు పట్టుకుని వదలలేదు.

నేను జెండా ఊపాను. ఊపడం అందరూ చూశారు. ‘పసుపు జెండా ఊపారు, రెండో బండి లెక్కచేయలేదు’ అని కెర్మీన్ గారు మన మలుపు పుస్తకంలో రాశారు. నా దగ్గరికి వచ్చి భుజం తట్టారు కూడా.

ఒకటి అడుగుతాను. శుక్రవారం వానకి తడిసిన జెండాలు ఎక్కడ ఆరబెట్టావు? మన వంటింటి కుర్చీల మీద కనపడలేదు. ఊరికే అడుగుతున్నాను.

నీ అక్క,
బ్రీషా


లివర్‌పూల్
4 సెప్టెంబరు 1979

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గోర్డన్ ఈస్టరుకి నా దగ్గర పానా తీసుకుని ఇవ్వలేదు. కనపడ్డప్పుడల్లా ‘పానా దొంగా’ అని పిలిచేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నోరు చేదుగా ఉంది.

నువ్వేమీ మనసులో పెట్టుకోకు. కాలిన్ సంగతి నాకు తెలియదా? వాడికి మొదటినుంచీ దూకుడెక్కువ. ముందు పోతున్నవాడు స్నేహితుడైనా సరే, దాటాలంతే. జెండా చూసే ఉంటాడు, ఈ ఒక్క మలుపూ దాటితే ముందుకు పోతానని చూడనట్టు నటించి ఉంటాడు. అలాంటివాళ్ళని మనం ఎంతమందిని చూడలేదు! నువ్వు నీ పని చేశావు. నాన్న ఉంటే ఆయనా అదే అనేవాడు.

చెప్పకుండా వచ్చినందుకు తిట్టు, పడతాను. స్టీమర్‌కి టైమైపోయింది. నీ ముఖం చూస్తే ఎక్కలేననిపించింది, అది కూడా నిజం.

ఇక్కడ ఓడలు బాగుచేసే చోట పని బాగానే ఉంది. గది చిన్నది. ఇంటావిడ ఉడకబెట్టిన క్యాబేజీ తప్ప వేరే వంట రాదనే అనుమానం. బస్తాలు కొరికే ఆ జంతువు పేరు ఇక్కడివాళ్ళు ఎంత గట్టిగా పలుకుతారో! ఓడ అడుగున ఒకటి పరిగెడితే పేరుపెట్టి కేకలేశారు. నేను చెవులు మూసుకుని తాకి దోషం పోగొట్టుకుందామని చెక్క కోసం వెతుక్కుంటుంటే నవ్వు. మా ద్వీపంలో దాన్ని పొడుగుతోక అంటాం తప్ప పేరెత్తం అని చెబితే ఇంకా నవ్వు. అప్పట్నుంచి నా పేరు పొడుగుతోక అయింది. నువ్వు కూడా ఒకసారి నవ్వు.

వేళకు తిను.

ఫిన్లో


పీల్
14 సెప్టెంబరు 1979

ఫిన్లో,

నవ్వలేదు. నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు.

పందేల సంఘం విచారణ అక్టోబరు పదిహేనున పెట్టారు. కాలిన్‌ని ఇక జన్మలో బండి ఎక్కనివ్వరట. ఆ కాగితాలు పోలీసులకు కూడా పంపుతారట. ఒక మనిషి ప్రాణం పోయింది కదా, జైలు అయినా కావచ్చు అంటున్నారు. వాడికి ఇరవై నాలుగేళ్ళు. భార్య మోనాకి ఆరో నెల.

వాడు జెండా చూడలేదంటున్నాడు. ఎవరూ నమ్మడం లేదు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తాను, చేపలు పొగబెట్టే షెడ్డులో నాతో పనిచేసే ఆడవాళ్ళు వాణ్ణి వెక్కిరిస్తూ నాకు వినిపించారు: “గట్టు మీద బ్రీషా పిన్ని చెయ్యి ఊపుతోంది. ఎప్పట్లాగే నన్ను హుషారు చేస్తోందనుకున్నా. అందుకే యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పా.”

“చెయ్యి ఊపిందట తల్లీ! అంత జెండా కనపడలేదు గానీ చెయ్యి కనపడిందట దొరగారికి!” అని ఒకావిడ అంటే అందరూ నవ్వారు. నేనూ చేపలు కోస్తూ నవ్వాను ఫిన్లో. నవ్వాను.

మన ఊరి పిల్లలు మలుపు దాటేటప్పుడు నేను చెయ్యి పైకెత్తి ఊపుతాను కదా. చెయ్యకూడదు. కెర్మీన్ గారు ఎన్నిసార్లు గసిరినా మానలేదు. పిల్లలకి అదొక సరదా, నాకూ సరదా.

ఇప్పుడు చెబుతున్నాను, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. జెండా విప్పుకోలేదు. నేను లేచి కర్ర ఎత్తాను, గుడ్డ కర్రకి అతుక్కుపోయి ఉంది. ఊపాను, రాలేదు. విదిలించాను, రాలేదు. కింద పారేసి రెండు చేతులూ ఊపి ఉంటే సరిపోయేది, చేతి పట్టీ లాగి ఊపినా సరిపోయేది. బుర్ర పనిచెయ్యలేదు. నేను ఉత్త కర్ర ఊపుతూ నిలబడ్డాను. కాలిన్ నన్ను చూశాడు. తల కొంచెం ఆడించాడు కూడా, పలకరింపుకి బదులన్నట్టు.

వాడు నన్ను దాటిపోయాక ఆ దిక్కుమాలిన గుడ్డ విప్పుకుంది. గుద్దుకున్న చప్పుడు విని మనవాళ్ళు తలెత్తేసరికి నా చేతిలో పసుపు జెండా రెపరెపలాడుతోంది. వాళ్ళు చూసింది అదే. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. అబద్ధం నాది.

కాలిన్ రోజూ మలుపు దగ్గరికి వచ్చి నిలబడుతున్నాడు. కట్టుకట్టిన చెయ్యి వేలాడేసుకుని, రోడ్డు మీద నుంచి గట్టు వైపు చూస్తూ. నా వంటింటి కిటికీలోంచి కనపడతాడు.

నేనేం చెయ్యనురా?

బ్రీషా


లివర్‌పూల్
20 సెప్టెంబరు 1979

అక్కా,

ఇది చదివిన వెంటనే పొయ్యిలో పడెయ్. నీ ఉత్తరం నేను ఇప్పటికే కాల్చేశాను. నువ్వు రాసినట్టు గానీ నేను చదివినట్టు గానీ ఎవరికీ తెలియకూడదు.

నీకు మతి పోయిందా? ఐదారు సెకన్లు. అంత గాభరాలో ఏది ముందు ఏది వెనక అని ఎవరికి గుర్తుంటుంది? బుర్ర తిరిగి నీకలా అనిపిస్తోంది, అంతే. ముగ్గురు మనుషులు జెండా చూశామంటున్నారు, కెర్మీన్ పుస్తకంలో రాశాడు, నువ్వొక్కదానివీ కాదంటావా? ఎవరికి ఉపకారం? గోర్డన్ లేచొస్తాడా?

తర్వాత ఏమవుతుందో ఆలోచించావా? నిన్ను నిలబెట్టి అడుగుతారు. జీతం లేదు, బత్తెం లేదు, వానా ఎండా అనకుండా పంతొమ్మిదేళ్ళు ఆ గట్టు మీద కూర్చున్నదానివి. ఎంతమందిని బతికించావు! ఆ మంటల్లోంచి జర్మనీ కుర్రాణ్ణి లాగింది ఎవరు? అదంతా ఎవడికీ గుర్తుండదు. ‘బ్రీషా కార్కిల్, కర్ర ఊపి మనిషిని చంపింది’ అంటారు. నాన్న పేరు కూడా బజారున పడుతుంది. కొట్టం మలుపులో మొదటి జెండా పట్టింది ఆయనే కదా.

కాలిన్ కుర్రాడు. నాలుగు రోజులు పోతే తేరుకుంటాడు. వేరే పని చూసుకుంటాడు.

జెండాల గురించి పదే పదే అడుగుతున్నావు. నేను వెళ్ళేటప్పుడు అన్నీ డబ్బాలో ఉన్నాయి. అంతకంటే నాకేం తెలుసు?

నీకు దణ్ణం పెడతాను. నోరు మెదపకు.

ఫిన్లో


పీల్
2 అక్టోబరు 1979

ఫిన్లో,

నీ ఉత్తరం కాల్చలేదు. పిండి డబ్బాలో పెట్టాను.

నోరు మెదపలేదు, సంతోషించు. కెర్మీన్ గారు కాగితం తెచ్చారు, సంతకం పెట్టాను. ‘చట్టప్రకారం జెండా చూపించాను’ అని ఉంది. పెన్ను ఆయనదే. “భయపడకమ్మా, నువ్వేం తప్పు చేశావని? ఆ పొగరుబోతు వెధవే చేసింది,” అన్నారు. సంతకం ఆరకముందే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆదివారం బోన్నాగ్ రొట్టె చేసి క్వెగిన్ వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. ఎందుకు వెళ్ళానని అడగకు. మోనా తలుపు తీసి, నన్ను చూసి ఏడ్చింది. ఊళ్ళో వాళ్ళ గడప తొక్కింది నేను ఒక్కదాన్నేనట. కొట్టులో వీళ్ళకి పాలు కూడా పదిసార్లు అడిగితే గానీ ఇవ్వడం లేదట. “మీరు చల్లగా ఉండాలి పిన్నీ. మీకే కోపం లేదంటే నాకు కొండంత ధైర్యం,” అంది. రొట్టె పళ్ళెం ఆమె చేతిలో పెట్టేశాను.

కాలిన్ వంటింట్లో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది. పానాలు, సుత్తులు అన్నీ తుడిచి బల్ల మీద వరసగా పేర్చాడు. “ఇవన్నీ గోర్డన్ వాళ్ళ తమ్ముడికి ఇచ్చేస్తున్నా పిన్నీ. ఇదిగో, ఇది ఫిన్లో మామది. గోర్డన్ కొట్టేశాడు,” అని నీ పానా నా చేతిలో పెట్టాడు. అది ఇక్కడే ఉంది.

తర్వాత అన్నాడు, “పిన్నీ, నాకు గుర్తొచ్చింది.”

“ఏమిట్రా?”

“జెండా. ఇప్పుడు కనపడుతోంది. కళ్ళు మూస్తే చాలు, పసుపుపచ్చగా, ఇంతది. రోజూ అక్కడ నిలబడి చూస్తున్నాను కదా, మెల్లగా గుర్తొచ్చింది. నువ్వు ఊపావు. నేను చూశాను. చూసి కూడా ఆగలేదు.”

“ఒరేయ్ కాలిన్, నువ్వు...” అన్నాను. అంతే. మోనా గుమ్మంలో నిలబడి ఉంది, కడుపు మీద చెయ్యి వేసుకుని.

“ఇంతమంది ఉత్తినే చెబుతారా పిన్నీ? నువ్వు ఉత్తినే చెబుతావా? నేనే వాణ్ణి చంపేశాను. పదిహేనో తారీకు నేనే రాసిచ్చేస్తాను, మిమ్మల్నెవరినీ ఏమీ అడగకుండా.” ఆ మాట చాలా నెమ్మదిగా అన్నాడు. ఆ నెమ్మదికే నాకు భయమేసింది.

లేనిది కనపడేదాకా వాణ్ణి తీసుకొచ్చాం ఫిన్లో. నేను తీసుకొచ్చాను. నువ్వు అంటున్నావు తేరుకుంటాడని.

ఇంటికొచ్చి జెండాల డబ్బా తీశాను. ఆ రోజు నుంచీ మూత తియ్యలేదు. మిగతావి నువ్వు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. గుప్పున బూజు వాసన. రోడ్డు మీద నూనె పడితే చూపించే ఎర్రచారల జెండా లాగితే చర్మం ఊడినట్టు ఊడింది. ఎక్కడ చూసినా నల్లటి మచ్చలు.

సూటిగా అడుగుతున్నాను. ఆరబెట్టావా, లేదా? నీ మీదకి తొయ్యడానికి కాదు. ఇందులో నేను ఒంటరిదాన్నా కాదా, అది తెలియాలి నాకు.

బ్రీషా


లివర్‌పూల్
8 అక్టోబరు 1979

అక్కా,

ఆరబెట్టలేదు.

ఐదుసార్లు రాసి చింపాను. ఈసారి ఏం రాస్తే అది పంపేస్తాను.

శుక్రవారం సాధన ముగిసేసరికి ఆలస్యమైంది, నీకు తెలుసు. రాత్రి స్టీమర్‌కి పోవాలి. జెండాలు నీళ్ళోడుతున్నాయి. నాన్న నేర్పింది నాకు గుర్తులేక కాదు. ఇంటికి తెచ్చి, కుర్చీకి ఒకటి చొప్పున పరిచి, పొద్దున ఇస్త్రీ చేసి చుట్టాలి. చిన్నప్పుడు భోంచెయ్యడానికి కుర్చీల్లేక నేల మీద కూర్చుని తినేవాళ్ళం కదా, జెండాలు కుర్చీల్లో కూర్చుంటే. అవి తెచ్చి పరవాలంటే మన ఇంటికి రావాలి. ఇంటికొస్తే నువ్వుంటావు. ‘ఎందుకురా పోవడం, ఇక్కడ పని దొరక్కపోతుందా’ అంటావు. నేను ఉండిపోతాను. అది భయం నాకు.

అందుకని అక్కడే, గట్టు కిందే, నీళ్ళు పిండి, గట్టిగా చుట్టి, డబ్బాలో కుక్కి మూత బిగించాను. అంత గట్టిగా ఎందుకు చుట్టానో తెలుసా? తడివని తెలియకూడదని. చుట్టేటప్పుడే అనుకున్నాను, పొద్దున పందెం మొదలవ్వకముందు అక్క ఎలాగూ ప్రతిదీ విప్పి మూడుసార్లు దులుపుతుంది, అప్పుడు నన్ను నాలుగు తిట్టి ఎండలో వేస్తుందిలే అని.

నీ మొదటి ఉత్తరంలో ఆ ప్రశ్న చూడగానే నాకు అర్థమైంది. అప్పట్నుంచీ నీకు రాసిన ప్రతి అక్షరం నన్ను నేను దాచుకోవడానికి రాసిందే. నీ కోసం కాదు, నాన్న కోసం కాదు.

రెండుసార్లు రేవుదాకా వెళ్ళాను. మొన్న టిక్కెట్టు కూడా కొన్నాను. మెట్టు మీద కాలు పెట్టలేకపోయాను. ఫారగర్ వాళ్ళమ్మకి ఏ ముఖం పెట్టుకుని కనపడను? నా పేరు చెప్పాల్సి వస్తే చెప్పెయ్. నిన్ను ఆపే మొహం నాకు లేదు. నేను మాత్రం రాలేను అక్కా. పిరికివాణ్ణి.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా మానలేదే. ఆ పొద్దున నువ్వు జెండాలు ఎందుకు విప్పి చూడలేదు?

ఫిన్లో


పీల్
16 అక్టోబరు 1979

తమ్ముడూ,

ముందు నీ ప్రశ్నకి జవాబు. నీ మీద కోపంతో విప్పలేదు. చెప్పకుండా పోయావని శనివారం పొద్దున ఒళ్ళు మండిపోయి ఉంది. డబ్బా మూత తీస్తే నువ్వు చుట్టిన చుట్లు కనపడ్డాయి, ముట్టుకోబుద్ధి కాలేదు. పసుపుది ఒకటి తీసి పక్కన పడేశాను. ‘జెండాలన్నీ విప్పి చూశాను’ అని ఉన్న చోట టిక్కు పెట్టి కాగితం కెర్మీన్ గారికి ఇచ్చేశాను. నువ్వు నన్ను నమ్మి తడివి చుట్టావు. నేను నీ మీద అలిగి విప్పలేదు. మన ఇంటి గొడవకి గోర్డన్ పోయాడు. ఇది నాకు మొదటినుంచీ తెలుసు. నీకు రాసిన ఉత్తరాలన్నిటిలో నేనూ దీన్ని దాచాను.

ఇప్పుడు నిన్న జరిగింది రాస్తాను.

విచారణ పదిన్నరకి. నీ ఉత్తరం శనివారమే వచ్చింది. వచ్చాక ఎందుకో తెలియదు, పసుపు జెండా తీసి కుర్చీ మీద పరిచాను, నాన్న పరిచినట్టే. విచారణలో నిజం చెబుతానో లేదో అప్పటికీ నాకే తెలియదు. చెప్పాలనుకుంటాను, కెర్మీన్ గారి ముఖం గుర్తొస్తుంది.

తెల్లవారుతుండగా బండి చప్పుడు వినపడింది. కాలిన్ బండి ఏదో నాకు తెలియదా? మలుపు దాకా నెమ్మదిగా వచ్చింది, ఆగింది. కిటికీలోంచి చూస్తే వాడు కాలు కింద పెట్టి కొట్టం గోడ వైపు చూస్తున్నాడు. తలకి హెల్మెట్ లేదు. తర్వాత బండి తిప్పుకుని మలుపుకి ముందున్న తిన్నటి పొడుగు రోడ్డు వైపు వెళ్ళిపోయాడు.

అంతలో తలుపు దబదబా బాదారు. మోనా. ఒంటి మీద రాత్రి గౌను, కాళ్ళకి చెప్పులు లేవు. “పిన్నీ, ఉంగరం బల్ల మీద పెట్టి పోయాడు. కాగితం కూడా రాసిపెట్టాడు, సంతకం పెట్టి...” అంటూ ఆయాసంతో గుమ్మంలోనే కూలబడింది.

వాడు పొడుగు రోడ్డు చివరిదాకా ఎందుకు వెళ్ళాడో నాకు అర్థమైంది. వేగం అందుకోవడానికి.

కుర్చీ మీద జెండా లాక్కుని పరిగెత్తాను. నలభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఏమీ గుర్తులేదు. గట్టు ఎలా ఎక్కానో తెలియదు. అప్పటికే వస్తున్నాడు. ఆ చప్పుడులో గేరు తగ్గించడం అనేది లేదు. నేరుగా గోడకే వస్తున్నాడు. నేను కర్ర ఎత్తాను. దేవుడా, ఈ ఒక్కసారి విప్పుకో అని అరిచాను, జెండాకే అరిచాను. విప్పుకుంది. గాలికి ఇంత బారున విప్పుకుని టపటపా కొట్టుకుంది. పిచ్చిదానిలా ఊపాను.

వాడు తలెత్తాడు. చూశాడు. అది చూడగానే వాడి చేతులూ కాళ్ళూ వాటంతటవే బ్రేకు మీద పడ్డాయి. ఎన్నేళ్ళ అలవాటు అది, చావాలనుకుని వచ్చినా పోలేదు. బండి అడ్డం తిరిగి, జారి, గోడకి రెండు బారల దూరంలో ఆగింది. వాడు కింద పడి లేచాడు. మోచెయ్యి పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి నన్ను, నా చేతిలో జెండాని, మళ్ళీ నన్ను చూశాడు.

“ఆ రోజు ఇది లేదు,” అన్నాడు.

నేను జెండా దించేశాను.

“పిన్నీ, ఆ రోజు ఇది లేదు కదూ? ఇది ఉంటే నేను ఆగేవాణ్ణి. చూడు, ఆగాను కదా. ఆ రోజు ఇది లేదు.”

“లేదు నాయనా,” అన్నాను. “తడిసి కర్రకి చుట్టుకుపోయింది. నేను కర్ర ఊపాను. నువ్వు చూసింది నా చెయ్యే. నీ తప్పు ఏమీ లేదు.”

నన్ను తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. పోనీ ఏడుస్తాడనుకున్నాను. ఏదీ లేదు. బండి లేపి నిలబెట్టుకున్నాడు. మోనా గోడ పట్టుకుని వస్తోంది. ఆమె దగ్గరికి నడిచాడు, కోటు విప్పి కప్పాడు. అప్పుడు వెనక్కి తిరిగి, “ఏడు వారాలు పిన్నీ,” అన్నాడు. “రోజూ ఇక్కడే నిలబడ్డాను. నువ్వు కిటికీలోంచి చూస్తూనే ఉన్నావు.”

జెండా తెచ్చి మళ్ళీ కుర్చీ మీద పరిచాను.

పదిన్నరకి వెళ్ళి చెప్పాను. కర్ర, తడి, టిక్కు, అబద్ధపు సంతకం, అన్నీ. బూజు పట్టిన జెండాలు బల్ల మీద పెట్టాను. కెర్మీన్ గారు తలెత్తలేదు. కాలిన్ మీద పెట్టిన కాగితాలు చింపేశారు. నా చేతి పట్టీ అడిగి తీసుకున్నారు. ఫారగర్ వాళ్ళమ్మ బయటికి వచ్చేటప్పుడు నా ముందు ఆగింది. “నా కొడుకు లేచి కూర్చున్నాడన్నావు కదా. ఏమైనా అన్నాడా?” అని అడిగింది. ఏమీ అనలేదు, చేతి తొడుగు తీసుకుంటున్నాడని చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయింది.

జెండాలు చుట్టింది ఎవరు అని అడిగారు. ఆ జవాబు నేను చెప్పవలసింది కాదు, చెప్పవలసినవాడు చెబుతాడు అన్నాను. పుస్తకంలో ఆ గీత ఖాళీగా వదిలారు. నీ పానా బల్ల మీద ఉంది. అక్కడినుంచి ఇటు స్టీమర్ మంగళవారం, శనివారం.

అక్క


తంతి
లివర్‌పూల్, 18 అక్టోబరు 1979

శనివారం వస్తున్నాను. రేవుకి రాకు. ముందు ఫారగర్ వాళ్ళింటికి, తర్వాత కాలిన్ దగ్గరికి వెళ్ళి, ఆ తర్వాత మనింటికి వస్తాను. ఫిన్లో.